భూమి తగవులు – గ్రామసభ



గట్టు తగవు కోర్టుకెక్కినచో తండ్రి వేసిన దావా కొడుకు చేతికి వచ్చుట మన పల్లెలకు క్రొత్త కాదు. ఇబ్రహీంపట్నము ప్రాంతమున, సాగరు బాటనున్న మన్నెగూడ వంటి చోట్ల, పట్టణము దగ్గరకు జరిగినకొలది భూమి వెల పెరిగినది. వెలతోపాటు తగవులును పెరిగినవి. వానిని ఊరిలోనే న్యాయముగా తీర్చుకొనుట యెట్లు?

మనకు చాల దూరముకాని పోచంపల్లిలో 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదిన వినోబా భావేగారి యెదుట భూమిలేని దళితులు 80 ఎకరములు కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు అచ్చటనే 100 ఎకరములు ఇత్తుననిరి. అడుగువారు నోరు విప్పి అడిగిరి. ఇచ్చువారు ఊరివారందరు వినగా ఇచ్చిరి. ఆ సభ గొప్పతనమంతయు ఇందే కలదు.

అయినను మాట ఒక్కటే చాలదు. భూదానపు భూములలో కొన్ని హద్దులు తేలక, కాగితమున కెక్కక, తరువాత వివాదములపాలైనవి. కాగితము ఒక్కటియు చాలదు. 2020లో ధరణి వచ్చిన పిదప, తప్పుపడిన పేరు దిద్దించుకొనుటకై అనేకులు కచేరీల చుట్టు తిరిగిరి. 2025 ఏప్రిల్ 14న ఆరంభమైన భూభారతిలో అప్పీలుకు త్రోవ కల్పింపబడినది. రెవెన్యూ సదస్సులు గ్రామములకే వచ్చి దరఖాస్తులు గైకొన్నవి.

కావున తగవు తీర్చునపుడు ఇరుగుపొరుగు రైతులను, కౌలుదారును, సాదాబైనామాపై కొన్నవానిని పిలువవలెను. ఇంటి ఆడువారిని మరువరాదు. హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగము 2005 నుండి దేశమంతట చట్టసమ్మతము. మౌనము అర్ధాంగీకారమందురు. భూమి విషయమున అది చెల్లదు. పెద్దల యెదుట బీదవాడు మాటాడకున్నచో ఒప్పుకొనెనని యెంచరాదు. భయపడెనేమో యని విచారింపవలెను. ఒప్పుకొననివానిని నిర్బంధించుటకు గాని, వెలివేయుటకు గాని పెద్దలకు అధికారము లేదు.

ముందు సర్వేయరుచే కొలిపించి, హద్దురాళ్లు నాటించి, పిదప రాజీపత్రము వ్రాయించుడు. దానిని న్యాయసేవాధికార సంస్థద్వారా లోక్ అదాలతునకు కొనిపోవుడు. 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి అచ్చటి రాజీతీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఆ తీర్పును తహసీల్దారు కచేరీలో దాఖలుచేసి, భూమి లెక్కలు దిద్దించుకొనవలెను.

ఇంత బలముగల పత్రము గనుక, వ్రాళ్లకు ముందు సభలో దానిని బిగ్గరగా చదివించుడు. చదువురానివారి వేలిముద్ర ఆ పిమ్మటనే పడవలెను.