కారులో నీళ్ళు ఎవరు పోశారు?



ఈవేళ నేను మీతో మాట్లాడబోయేది వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. కారులో ఏ.సి. వేసుకున్నప్పుడు లోపల కాళ్ళ దగ్గర నీళ్ళు చేరటం గురించి. "అది మెకానిక్కు చూసుకునే పని, మనకెందుకమ్మా?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు మా ఇంట్లో ఏడాదికి సరిపడే మిరపకాయలు పాడయ్యాయి. అంతకంటే బాధ కలిగించే సంగతి, ఏ పాపమూ ఎరగని పిల్లవాడు చీవాట్లు తిన్నాడు.

జరిగింది ఇదీ. చైత్రమాసం చివర్లో పర్చూరు దగ్గర ఉన్న మా పుట్టింటికి వెళ్ళాం. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఆడపిల్ల పుట్టింటి నుంచి ఉత్తచేతులతో రాదు గదా! కల్లంలో ఎండిన కాయలు, తాలు ఏరించి, పది కిలోలు గోనెసంచిలో పోసి ఇచ్చింది మా వదిన. కారం కొట్టించుకోవటానికీ, ఆవకాయకీ అన్నమాట. డిక్కీ అప్పటికే నిండిపోయింది. అందుకని ఆ సంచిని ముందు ఎడమవైపు, కాళ్ళు పెట్టుకునే చోట ఉంచాం. అత్తగారూ, నేనూ, మా అబ్బాయీ వెనక కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. గుంటూరు చేరేదాకా ఏ.సి. ఆపలేదు.

ఇంటికి వచ్చి సంచి దింపుతుంటే కింద మ్యాట్ తడిగా ఉంది. పక్కనే మావాడి నీళ్ళ సీసా పడి ఉంది. ఇంకేముంది? "మూత సరిగ్గా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను!" అని వాణ్ణి కేకలేశాను. "నేను ఒలకబొయ్యలేదమ్మా" అని వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నేను వినిపించుకోలేదు. సంచి పైపైన తుడిచి కొట్టుగదిలో పెట్టేశాను.

నాలుగో రోజున మావారూ నేనూ కారులో బయలుదేరాం. పిల్లవాడు లేడు, సీసా లేదు. పావుగంట తిరక్కుండానే నా పాదాలకి చల్లగా తడి తగిలింది. గుండె ఝల్లుమంది. వెంటనే ఇంటికి వచ్చి సంచి విప్పి చూస్తే, అడుగున ఉన్న కాయలు మెత్తబడి, ముచ్చికల దగ్గర తెల్లగా బూజు పట్టి ఉన్నాయి.

ఇక్కడ ఒక్క మాట. బూజు పట్టిన మిరపకాయల్ని తుడిచి, ఎండబెట్టి వాడుకోవద్దు. కొన్ని రకాల బూజువల్ల అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది కాలేయానికి చేటు. ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. నిలవ ఉంచే కాయల్లో తేమ నూటికి పది, పదకొండు పాళ్ళు మించకూడదనేది అందుకే. నాకు ప్రాణం ఒప్పకపోయినా ఆ సంచి మొత్తం పారబోశాను.

మరి ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇది మన వంటింట్లో రోజూ చూసేదే. చన్నీళ్ళు పోసిన చెంబు బల్లమీద పెడితే కాసేపటికి బయట చెమట పడుతుంది. ఆ నీళ్ళు చెంబులోంచి కారినవి కావు, గాలిలో ఉన్న తేమ చల్లటి లోహానికి తగిలి నీరైనవి. కారు డాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ అని ఒకటి ఉంటుంది. ఏ.సి. వేస్తే అది ఆ చెంబులాగే చల్లబడుతుంది. గాలి దాని మీదుగా వెళ్ళినప్పుడు తేమ నీరై బొట్లు బొట్లుగా కారుతుంది. అసలు ఏ.సి. పుట్టిందే తేమ తియ్యటానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో, తేమకి కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కుదిరేవి కావు. ఆ ఇబ్బంది తీర్చటానికి విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరు తయారుచేసిన ఏర్పాటే నేటి ఏ.సి.లకి మూలం. కార్లలోకి అది 1939లో వచ్చింది, ప్యాకార్డ్ కంపెనీ వారి ద్వారా.

ఆ కాయిల్ కింద చిన్న తొట్టి, తొట్టికి ఒక సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. ఆ గొట్టంలోంచి నీళ్ళు కారు కింద నేలమీద పడాలి. కాబట్టి ఏ.సి. వేసిన కారు ఆపినప్పుడు కింద నీటి చుక్కలు కనబడితే కంగారుపడకండి. అది మంచిదే. కింద పడవలసిన నీళ్ళు పడకపోతేనే అనుమానించాలి. సింకు జాలీలో మెతుకులు అడ్డుపడితే నీళ్ళు పైకి నిలిచినట్టే, ఆ గొట్టం పూడుకుపోతే తొట్టి పొంగి నీళ్ళు లోపలికి వస్తాయి.

మన వైపు ఆ గొట్టం పూడుకోవటానికి కారణాలకి కొదవా? మాఘ, ఫాల్గుణాల్లో మిరప కల్లాల దుమ్ము. మిరపయార్డుకి వెళ్ళే లారీల వెనక వెళితే కళ్ళు మండే గాలి. జిన్నింగు మిల్లుల దగ్గర ఎగిరే దూది నూగు. నల్లరేగడి మట్టి తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఇవి కాక, కారు వేపచెట్టు కింద పెడితే రాలే ఆకూ, పువ్వూ. ఇవన్నీ కొద్దికొద్దిగా చేరతాయి. పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో నీరు తక్కువ కాబట్టి లోపం బయటపడదు. గాలిలో తేమ పెరిగిన రోజున, ముఖ్యంగా శ్రావణ భాద్రపదాల్లో, ఒక్కసారిగా పొంగుతుంది.

ఇంట్లో ఎవరైనా చేయగల పరీక్ష చెబుతాను. కారుని ఆరుబయట నీడన ఆపి, ఏ.సి. వేసి ఇంజను ఇరవై నిమిషాలు నడవనివ్వండి. మూసిన షెడ్డులో మాత్రం ఎన్నడూ చెయ్యవద్దు, పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది. తరవాత ముందు భాగం కిందికి వంగి చూడండి. ఉక్కగా ఉన్న రోజున కూడా కింద చుక్క పడకుండా, లోపల మ్యాట్ తడిస్తే గొట్టం పూడిందనే అనుకోవచ్చు. లేదా లోపల ఊడి ఉండవచ్చు.

ఆ తడిని ఒక తెల్లగుడ్డకి అద్ది చూడండి. రంగూ వాసనా లేకపోతే ఏ.సి. నీరు. ఆకుపచ్చగానో, ఎర్రగానో ఉండి, వేళ్ళకి జిగురుగా తగిలి, తియ్యటి వాసన వేస్తే అది ఇంజనుని చల్లబరిచే కూలెంటు. అది విషం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కారు నడపకుండా మెకానిక్కుని పిలిపించండి. ఏ.సి. వెయ్యకపోయినా వాన కురిసినప్పుడే తడిస్తే అది వాననీరు. ముందు అద్దం అడుగున ఆకులు పేరుకున్నాయేమో చూడాలి. గాలి తగ్గిపోయి, ఏ.సి. ఆపాక నీళ్ళు బాగా కారితే కాయిల్ మీద మంచు కట్టిందన్నమాట. ఫిల్టరు మూసుకుపోయినా, గ్యాస్ తగ్గినా అలా జరుగుతుంది.

మా కారు చూసిన మొదటి మెకానిక్కు డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, కాయిల్ మార్చాలి అన్నాడు. "ముందు నీళ్ళు పోయే గొట్టం చూడండి" అని అడగటం నాకు అప్పటికి తెలియదు. రెండో అతను కారు కింద దూరి, గొట్టం చివర మట్టి తీసి, నెమ్మదిగా గాలి పట్టించాడు. బుడుక్కున చెంబెడు నీళ్ళు పడ్డాయి, వాటితోపాటు నల్లమట్టీ, దూదీ! మీరూ ముందు ఆ మాట అడగండి. సొంతంగా ఊచపెట్టి పొడవకండి. కాయిల్‌కి చిల్లు పడితే గ్యాస్ అంతా పోతుంది.

గొట్టం బాగుచేస్తే సగం పనే అయింది. కార్పెట్ కింద స్పంజిలాంటి పొర నీళ్ళు పట్టి ఉంచుతుంది. పైన ఆరినట్టే ఉంటుంది, కింద బూజు పడుతుంది. ఆయాసం, తుమ్ములు ఉన్నవాళ్ళకి ఆ గాలి పడదు. ఆ పొర కింద వైర్లూ ఉంటాయి, రేకూ తుప్పు పడుతుంది. అందుచేత కార్పెట్ ఎత్తించి, పాత నూలుగుడ్డలతో అద్ది, తలుపులు తెరిచి రెండు మూడు రోజులు ఎండనివ్వండి. సెంటు సీసా పెట్టి వాసన కప్పిపుచ్చవద్దు.

ఇకముందు రాకుండా ఉండాలంటే, మిరప కాయల కాలం అయ్యాక ఫిల్టరు మార్పించండి. చాలా కార్లలో అది ఎడమవైపు అర వెనక ఉంటుంది. కల్లాల పక్కనుంచి వెళ్ళేటప్పుడు బయటి గాలి లోపలికి రాకుండా మీట మార్చండి. ఇల్లు చేరటానికి కొద్ది నిమిషాల ముందు ఏ.సి. ఆపి ఫ్యాను మాత్రం ఉంచితే కాయిల్ ఆరుతుంది.

ఆ సాయంత్రం మావాణ్ణి దగ్గరికి పిలిచి, "నీ తప్పు లేదురా, నాదే పొరపాటు" అన్నాను. "నేను చెప్పాను గదమ్మా" అన్నాడు, అంతే. మిరపకాయలు మళ్ళీ కొన్నాం. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుర్తుకొస్తుంది. మీ కారులో తడి కనబడితే పిల్లల్ని కోప్పడేముందు ఒక్కసారి కారు కింద నేల చూడండి. అక్కడ పొడిగా ఉంటే, సంగతి మీకు తెలిసిపోయినట్టే.