చలికాలమున పట్టుపురుగుల గదికి చవుకైన వెచ్చదనము
(పంచాయతీ సభ్యుల శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



మీలో పలువురు పట్టు రైతులు. ఈ సీమ చలి నాకంటె మీకే బాగుగ తెలియును. హిందూపురము, మడకశిర, పలమనేరు, కుప్పము ఇవన్నియు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైనున్న ప్రాంతములు. మార్గశిర పుష్య మాసములలో కొన్ని రాత్రులు వేడిమి 15 డిగ్రీలకు దిగును. మనము కంబళి కప్పుకొందుము. పట్టుపురుగునకు స్వంత వేడిమి లేదు. గదిలోని గాలి ఎంత చల్లనో దాని దేహమును అంత చల్లన. 20 డిగ్రీలకు దిగువన అది ఆకును సరిగా ముట్టదు. ఒకే తట్టలో కొన్ని జ్వరమునకు పోవును, కొన్ని ఇంకను మేయుచునే యుండును. పంట దినములు సాగును, రోగమునకు తావేర్పడును. కనుక గదిని వెచ్చచేయక తప్పదు. ఖర్చు తగ్గించుట ఎట్లన్నదే నేటి విషయము.

చాలమంది మొదట అడుగు ప్రశ్న "బొగ్గు చవుకయా, కరెంటు చవుకయా?" అని. ఆ ప్రశ్న రెండవది. మొదటిది, వేడి ఎచటికి పోవుచున్నది అనునది.

ఒక చిన్న లెక్క చూడుడు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలోని గాలిని 18 డిగ్రీల నుండి 27 డిగ్రీలకు తెచ్చుటకు కరెంటు యూనిట్టులో పదవ వంతు కూడ పట్టదు. రెండు కిలోవాట్ల హీటరు మూడు నిమిషములలో ఆ పని చేయగలదు. మరి రాత్రియంతయు హీటరు ఏల మండవలెను? గోడలు కొంత త్రాగును, నిజమే. కాని పైన రేకుల కప్పు, తలుపు క్రింద రెండు వ్రేళ్లు దూరు సందు, మూయుటకు రాని కిటికీ, ఇవి మన రూపాయలను ఆకాశమునకు పంపుచుండును. రేకుల క్రింద వెదురు తడికయో, గోనెపట్టాలు కుట్టిన తెరయో అడ్డముగా కట్టినచో, తలుపునకు లోపలి వైపున పరదా వ్రేలాడదీసినచో, ఆ ఖర్చు ఒక్కసారిదే. వేడి ఆదా మాత్రము ప్రతి పంటకును.

మరియొక సౌలభ్యమును ప్రకృతియే కల్పించినది. చాకీ పురుగులకు, అనగా మొదటి రెండు దశల వానికి, 27, 28 డిగ్రీల వేడిమియు, గాలిలో 85 పాళ్లకు తగ్గని తేమయు కావలెను. అయిదవ దశలో 23, 24 డిగ్రీలు, 70 పాళ్ల తేమ చాలును. చాకీ పురుగులు కొద్ది తట్టలలో ఇమిడిపోవును. అవియే చివరి దశకు వచ్చుసరికి షెడ్డంతయు నిండును. ఎక్కువ వేడి కావలసిన దినములలో చోటు తక్కువ, చోటు ఎక్కువైన దినములలో వేడి తక్కువ! అయినను పెద్ద షెడ్డులో ఒక మూల తట్టలుంచి, షెడ్డంతయు కాచుకొనుచున్నవారిని నేను చూచితిని. ఆ మూలకు నాలుగు వైపుల తెర కట్టిన సగము ఖర్చు అక్కడనే మిగులును.

ఇక ఇంధనము మాట. కరెంటు యూనిట్టు 860 కిలోకెలోరీల వేడినిచ్చును. అది యంతయు గదిలోనే యుండును. మంచి బొగ్గు కిలోకు సుమారు 7,000, అనగా 8 యూనిట్ల పెట్టు. వంటగ్యాసు కిలో 12 యూనిట్లకు మించును. బాగుగ ఎండిన కట్టె కిలో 4 యూనిట్లకు సమీపముగా నుండును. మీ యూరి బొగ్గు ధరను 8 చేత భాగించి కరెంటు ధర ప్రక్కన నుంచి చూడుడు. కిలో 40 రూపాయలనుకొన్నచో యూనిట్టు వేడి 5 రూపాయలు పడును.

కాగితముపై బొగ్గు గెలిచినను తొందరపడవలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున తెల్లవారుజామున నన్ను ఒక ఇంటికి తీసికొనిపోయిరి. యువకుడైన రైతు పురుగుల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీల సందులలో గుడ్డలు క్రుక్కి, అచటనే పండుకొనినాడు. వేకువన తల్లి తలుపు త్రోయగా అతడు లేవలేకపోయెను. బయటి గాలికి చేర్చి ఆసుపత్రికి పంపిరి, బ్రదికినాడు. పొగ లేదు గదా యని అతడు ధైర్యపడెను. ఎఱ్ఱగా కాలిన బొగ్గు నుండియు కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. తల నొప్పి, కన్నులు తిరుగుట దాని మొదటి సూచనలు. కుంపటి ఉన్న గదిలో ఎవరును నిదురింపరాదు, పై కిటికీ తెరచియుంచవలెను. కిటికీ తెరచినచో వేడి కొంత పోవును. బొగ్గు లెక్కలో ఆ నష్టమును కూడ కలుపుకొనుడు. గ్యాసు పొయ్యి విషయమునను ఈ జాగ్రత్తయే.

నా అభిప్రాయము చెప్పవలెనన్న, చిన్న చాకీ గదికి వేడిని తానే అదుపు చేసికొను కరెంటు హీటరే మేలు. తడి గోనెలకు దూరముగా, ఎర్తు తీగతో నుంచవలెను. పెద్ద షెడ్డునకు మాత్రము బయట పొయ్యి పెట్టి, దాని పొగగొట్టమును గది గుండా నడిపి పైకి వదలుట చవుక. గొట్టము అతుకులు విడకుండ చూచుకొనవలెను, తడికలకు తగులనీయరాదు. వేడి లోపల, పొగ బయట. అందులో మండించుటకు ఆకు మేసిన పిమ్మట మిగులు మల్బరీ పుల్లలు ఉండనే యున్నవి. ఎండబెట్టుకొన్నచో కొనవలసిన పని యుండదు.

వేడి చేసిన గాలి ఆరిపోవును, ఆకు వాడును. నీళ్ల పాత్రలు, తడి గోనెపట్టాలు గదిలో నుంచుడు. జ్వరమున నున్నప్పుడు మాత్రము తీసివేయుడు.

పంచాయతీ సభ్యులుగా మీరు యోచింపదగినది ఒకటి యున్నది. ఇరువది మంది ఇరువది గదులను వేడి చేయుటకంటె, అందరి చాకీ పురుగులను ఒకే గదిలో పెంచి రెండవ జ్వరము దాటిన పిమ్మట పంచుకొనుట చవుక. కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ మీకు దూరము కాదు. ఒకసారి వెళ్లి చూచి రావచ్చును.

చివరి మాట, ఉష్ణమాపకము గురించి. దానిని తలుపు ప్రక్కన గాని, కప్పు దగ్గర గాని తగిలింపవలదు. పైన 30 డిగ్రీలున్నను క్రింది తట్టలో 22 ఉండవచ్చును. పురుగులున్న ఎత్తున వ్రేలాడదీసి, రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూచి గోడపై వ్రాసికొనుడు.