చాటున ఉన్నవాళ్లు, చాటినవాళ్లు



ఈ సదస్సుకు వచ్చిన క్రైస్తవ రచయితలందరికీ బాగా తెలిసిన మాట ‘చాటు’. తెలుగు బైబిలులో 91వ కీర్తన మహోన్నతుని చాటున నివసించేవాడితో మొదలవుతుంది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, బిడ్డ దూరదేశం బయల్దేరినా విశ్వాసులు తెరిచే కీర్తన అది. అదే మాటను క్రియగా వాడితే నలుగురికీ వినబడేలా ప్రకటించడం అవుతుంది. విశ్వాసం వల్లనే మనిషి ప్రమాదంలో పడినప్పుడు దేవుని కాపుదల ఎక్కడుందన్న ప్రశ్నకు ఈ రెండు అర్థాలూ కావాలి.

ఉదాహరణకు ఒక ఇంటి కథ. హాలండులోని హార్లెమ్ పట్టణంలో 1837లో పెట్టిన గడియారాల కొట్టు ఒకటి ఉండేది. కింద కొట్టు, పైన ఇల్లు. నాజీల ఆక్రమణ కాలంలో ఆ ఇంటి పెద్ద కాస్పర్ టెన్ బూమ్, పెళ్లి చేసుకోని ఆయన కూతుళ్లు బెట్సీ, కోరీ యూదులకు తలుపు తీశారు. కోరీ ఆ దేశంలో గడియారాల పనికి లైసెన్సు పొందిన తొలి మహిళ.

దేవుడే చూసుకుంటాడని వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. మేడమీద కోరీ పడకగదిలో అసలు గోడకు ముందు ఇంకో గోడ లేపించారు. చెక్కతో కడితే తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుందని ఇటుకలతోనే కట్టించారు. ఆ ఇటుకలను ఎవరి కంటా పడకుండా సంచుల్లో కొద్దికొద్దిగా తెచ్చారు. రెండు గోడల మధ్య ఖాళీ రెండున్నర అడుగులు. బీరువా అడుగు అర వెనక చిన్న పలక జరిపి, పాక్కుంటూ లోపలికి పోవాలి. గంట మోగగానే ఎన్ని క్షణాల్లో అందరూ మాయం కాగలరో గడియారం చేతబట్టుకుని అభ్యాసం చేయించేవారు. పరుపు వెచ్చగా తగిలితే దొరికిపోతారని దాన్ని తిరగేసేవారు. ఆ ఇంట ప్రార్థన, ఇటుక పని రెండూ కలిసే సాగాయి. దేవుణ్ని నమ్మినవాళ్లకు జాగ్రత్తతో పనిలేదని బోధించేవాళ్లు ఆ గోడను తలచుకోవాలి.

1944 ఫిబ్రవరి 28న నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో వచ్చింది. కుటుంబాన్ని, ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్లను పట్టుకుపోయింది. గోడ వెనక ఆరుగురున్నారు: నలుగురు యూదులు, ఇద్దరు ప్రతిఘటనోద్యమ సభ్యులు. ఇల్లంతా గాలించినా వాళ్లు దొరకలేదు. 47 గంటల తర్వాత బయటపడ్డారు. ఆ నలుగురు యూదుల్లో ముగ్గురు యుద్ధం ముగిసేదాకా బతికారు.

మన సాక్ష్యాలు సాధారణంగా ఇక్కడే ‘హల్లెలూయ’ అని ఆగిపోతాయి. ఆ ఇంటి కథ మాత్రం ఆగలేదు. 84 ఏళ్ల కాస్పర్‌ను వయసు చూసి వదిలేయబోతే, రేపు ఎవరు వచ్చి తలుపు తట్టినా తీస్తానని ఆయన అధికారి ముఖం మీదే చెప్పారు. అరెస్టయిన పది రోజులకు ఖైదులోనే కన్నుమూశారు. అక్కాచెల్లెళ్లిద్దరూ చివరికి జర్మనీలోని రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి చేరారు.

అక్కడ వాళ్ల బారాకు నిండా మిన్నల్లులు. దావీదు సౌలు ముందు తనను తాను పోల్చుకున్న పురుగే అది. వాటికి జడిసి కావలివాళ్లు లోపల అడుగు పెట్టేవారు కాదు. అందుకే దొంగచాటుగా తెచ్చుకున్న బైబిలును రాత్రిళ్లు పైకి చదవగలిగారు. అక్కాచెల్లెళ్లు డచ్చి వాక్యాన్ని జర్మనులో చెబితే, వింటున్న ఆడవాళ్లు ఫ్రెంచి, పోలిష్, రష్యన్, చెక్ భాషల్లోకి మార్చి పక్కవాళ్లకు అందించేవారు. అనువాదం గురించి ఈ వేదిక మీద ఎన్ని పత్రాలు చదివినా, మసక బల్బు కింద చెవి నుంచి చెవికి సాగిన ఆ అనువాదానికి సాటి రావు.

1944 డిసెంబరు 16న బెట్సీ చనిపోయారు. ఆ నెలాఖరులోనే కోరీ విడుదలయ్యారు. అది కార్యాలయంలో జరిగిన పొరపాటు వల్లనేనని తర్వాత తెలుసుకుని ఆమే రాశారు. అక్క ప్రార్థన తక్కువదనీ చెల్లెలి విశ్వాసం ఎక్కువదనీ ఎవరనగలరు? అలా అనడం క్రూరత్వం. ఎవరైనా పోయిన ఇంట్లో ఇలాంటి మాట అనేవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు కాబట్టే ఇది గట్టిగా చెప్పాల్సి వస్తోంది. 1971లో వచ్చిన తన పుస్తకంలో కోరీ గోడ వెనక బతికినవాళ్లనూ, శిబిరంలో పోయిన అక్కనూ పక్కపక్కనే నిలిపారు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమూ అంతే. విశ్వాసం వల్ల కత్తివాదర తప్పించుకున్నవాళ్లు, అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్లు ఆ ఒక్క పట్టికలోనే ఉన్నారు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని తెలుగు క్రైస్తవులు ‘హతసాక్షి’ అంటారు. చంపబడ్డాక కూడా సాక్షి సాక్షిగానే మిగిలే మాట అది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం కూడా ఇలాంటిదే. హేరోదు యాకోబును కత్తితో చంపించాడని ఒకే ఒక్క వచనం. ఆ వెంటనే పేతురు సంకెళ్లు ఊడి బయటపడ్డ కథ పదిహేను వచనాల దాకా సాగుతుంది. మన నాటికలు, పాటలు, ఆదివారపు బడి బొమ్మలు అన్నీ పేతురివే. ఈ సదస్సులో కలం పట్టిన యువతీయువకులకు ఈ అధ్యక్షపీఠం నుంచి ఒక్క మనవి. మార్కు తల్లి మరియ ఇంటి వాకిట పేతురు తలుపు తట్టినప్పుడు, రొదే అనే పనిపిల్ల సంతోషం పట్టలేక తలుపు తీయడం కూడా మరచి లోపలికి పరుగెత్తింది. కానీ ఇద్దరు కొడుకులకూ ప్రభువు కుడి ఎడమల చోటడిగిన జెబెదయి భార్య కూడా ఉన్నారు. కొడుకు యాకోబు పోయాక ఆ తల్లి సంగతి గ్రంథంలో కనబడదు. పేతురు బయటపడ్డ కబురు ఆమె చెవిన పడిన క్షణాన్ని ఎవరైనా తెలుగులో రాయండి.