అసలుతో సరిచూడనిదే సంతకం వద్దు
(భీమడోలు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. సర్వీసంతా గుమాస్తాగా కాగితాలు రాసినవాణ్ణి. కృత్రిమ మేధ అనే కొత్త సాధనంతో కోర్టు తీర్పులు వెదకడం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినపుడు, అది కుర్రవాళ్ళ విషయం కదా అన్నాను. "మీరు చేసిన పొరపాటు చెప్పండి, అది చాలు" అన్నారు. అందుచేత అదే చెబుతాను.

కిందటేడు, నాతో పనిచేసి రిటైరైన అటెండరు ఒకాయన ఒక నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సర్వీసులో ఉండగా ఎప్పుడో ఒక ఇంక్రిమెంటు పొరపాటున ఎక్కువ ఇచ్చారట. ఆ సొమ్ము ఇప్పుడు పెన్షనులో నెలనెలా పట్టుకుంటారట. "గుమాస్తా గారూ, వచ్చేది మందులకే చాలడం లేదు. మీరే ఏదో ఒకటి రాసిపెట్టండి" అన్నాడు.

మా మనవడు ఫోనులో ఆ కృత్రిమ మేధను అడిగాడు. నిమిషంలో మూడు తీర్పులు వచ్చాయి. పేర్లు, సంవత్సరాలు, పేజీ నంబర్లు అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు చూస్తే పెద్ద ప్లీడరు రాసినట్టే ఉంది. సంతోషం పట్టలేక మూడింటినీ అర్జీలో ఎక్కించి, ఆయన చేత సంతకం పెట్టించి, దాఖలు చేయించాను.

పది రోజులకు ఆ ఆఫీసులో సీటు గుమాస్తా ఫోను చేశాడు. చిన్న కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. "బాబాయిగారూ, రెండో తీర్పు ఎక్కడా దొరకడం లేదండి. మూడో దాని పేజీలో వేరే కేసు ఉందండి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రాసింది నేను. సంతకం మాత్రం నన్ను నమ్మినవాడిది.

మిత్రులారా, ఈ యంత్రం ఎందుకిలా చేస్తుంది? వేలకొద్దీ అర్జీలు చదివి, వాటి బాణీ పట్టేసిన రాతగాడిని ఊహించుకోండి. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో అతనికి కంఠతా వచ్చు. కానీ బీరువా తెరిచి దస్త్రం చూడడు. తీర్పు పేరు ఎలా ఉంటుందో తెలుసు గనుక, అలాంటి పేరు ఒకటి అల్లేస్తాడు. అబద్ధమాడాలని కాదు, నిజానికీ అల్లికకూ తేడా అతనికి తెలియదు. కొన్ని సాధనాలు ఇప్పుడు వెదికి చూసి చెబుతున్నాయి. అవి కూడా చూసినదాన్ని తప్పుగా చెప్పవచ్చు.

ఈ వలలో పడింది నేనొక్కణ్ణే కాదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు చాట్ జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి, 5,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. అంత దూరం ఎందుకు? మన విజయవాడలో 2025 ఆగస్టులో ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉత్తర్వులోనే అటువంటి నాలుగు తీర్పులు చేరాయి. అవి లేవని తేలినా, అన్వయించిన న్యాయసూత్రం సరైనదేనంటూ 2026 జనవరిలో మన రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపింది. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తీవ్రంగా తీసుకుంది. లేని తీర్పులపై ఆధారపడి నిర్ణయించడం పొరపాటు కాదు, దుష్ప్రవర్తన అవుతుందన్నది. న్యాయస్థానాలలోనే ఇలా జరిగినపుడు మనమెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఇక నా మూడు తీర్పులలో మొదటిది మాత్రం నిజమైనదే. అది పంజాబ్ రాష్ట్రం వర్సెస్ రఫీక్ మసీహ్ కేసు, 2014 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చినది. "ఎక్కువ ఇచ్చిన సొమ్ము ఎట్టి పరిస్థితిలోనూ రాబట్టరాదు" అని దాని సారాంశంగా యంత్రం రాసింది. అసలు తీర్పు తెప్పించి చదివాను. అందులో అలా లేదు. రాబట్టకూడని ఐదు సందర్భాలు చెప్పారు. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగులు, రిటైరైనవారు లేక ఏడాదిలో కాబోయేవారు, అయిదేళ్ళకు మించి ఎక్కువ చెల్లింపు జరిగిన కేసులు వాటిలో ఉన్నాయి. మా అటెండరుకు ఇది అక్కరకు వచ్చేదే.

అయితే 2016 జులై 29న జగ్దేవ్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. సవరించిన జీతం తీసుకునేటపుడు, ఎక్కువైతే తిరిగి కడతానని హామీ పత్రం ఇచ్చినవారు దానికి కట్టుబడాలన్నది. ఆ కేసు ఒక న్యాయాధికారిది. ఈ తీర్పు ఊసే యంత్రం ఎత్తలేదు.

నేను ఆయనను అడిగాను, "నువ్వు అలాంటి కాగితం మీద సంతకం పెట్టావా?" అని. ఆయన నా ముఖం చూసి, "ఏమో గుమాస్తా గారూ, అప్పట్లో కాగితాలన్నీ నా చేత పెట్టించింది మీరే కదా!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడగవలసిన అసలు ప్రశ్న అది. అది యంత్రానికి తట్టలేదు, నాకు తట్టాలి.

మనకు ఉద్యోగంలో ఒక అలవాటు ఉండేది. టైపు చేసిన నకలును ఒకరు చదువుతుంటే, ఇంకొకరు అసలు కాగితం పట్టుకుని అక్షరం అక్షరం చూసేవారు. అడుగున "కంపేర్డ్" అని పొట్టి సంతకం పడితేనే అది సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్ళేది. ఆ అలవాటునే ఇక్కడా పాటిద్దాం.

ఒకటి, తీర్పు ఉన్నదా? సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్‌లోనూ, ఈ-కోర్ట్స్ తీర్పుల పోర్టల్‌లోనూ ఉచితంగా చూడవచ్చు. పిల్లల చేత తెరిపించండి. రెండు, యంత్రం చెప్పిన మాట తీర్పులో ఉన్నదా? ఏ పేరాలో ఉందో వేలు పెట్టి చూపగలగాలి. మూడు, తరువాతి తీర్పులలో దానికి పరిమితి వచ్చిందా? నాలుగు, మన కేసు సంగతులకు అది సరిపోతుందా? సర్వీసు రిజిస్టరు దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి. జీవోకైనా ఇంతే, నంబరు, తేదీ, శాఖ చూసి పూర్తి పాఠం చదవాలి. చివరగా ప్లీడరుగారికి చూపించండి. ఖర్చు భరించలేనివారు ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇంకొక్క మాట, మీ పీపీవో, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఆ యంత్రంలో ఎక్కించవద్దు.

అలాగని దాన్ని పారవేయమనడం లేదు. ఇంగ్లీషు తీర్పును తెలుగులో వివరించడానికి, ఏ పేరుతో వెదకాలో తెలియడానికి, అర్జీకి చిత్తు రాయడానికి నేను ఇప్పటికీ వాడుతున్నాను. కొత్తగా చేరిన జూనియర్ రాసిన చిత్తుప్రతిని ఎలా చూసేవాళ్ళమో, దాన్నీ అలాగే చూస్తున్నాను.

1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు వల్లనే పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని మనం తలెత్తుకుని చెబుతున్నాం. ఏటా ఆ రోజున పండుగ చేసుకుంటున్నాం. నిజమైన తీర్పుకు అంత బలం ఉంది. దాని పక్కన లేని తీర్పు ఒకటి పెడితే, ఉన్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మా అటెండరు పాత అర్జీని వెనక్కి తీసుకున్నాం. ఆ కుర్ర గుమాస్తాకు క్షమాపణ చెప్పుకుని, రెండు నిజమైన తీర్పులతో, హామీ పత్రం సంగతి దాచకుండా, కొత్త అర్జీ పెట్టాం. ఫైలు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో చెప్పలేను. కానీ అందులోని ప్రతి అక్షరానికీ నేను పూచీ. అడుగున ఆయన సంతకం ఉంది. నా దగ్గరున్న నకలు మీద, పాత అలవాటు ప్రకారం, "కంపేర్డ్" అని నా పొట్టి సంతకం ఉంది.