మృతవీరుల పేరిట యుద్ధమా?



గత నెల మన సమావేశం ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్న వేళ ఒక యువకుడు నన్నొక ప్రశ్న అడిగాడు. ఒక యుద్ధం అన్యాయమైనదని తేలిన తరువాత కూడా, అందులో ప్రాణాలిచ్చిన సైనికుల కోసమైనా దానిని కొనసాగించవలదా, లేకపోతే వారి మరణం వ్యర్థమైపోదా అని. నిలుచున్న చోట జవాబు చెప్పదగిన ప్రశ్న కాదది. అందుకే నేటి ప్రసంగాన్ని దానికే కేటాయించుకున్నాను.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌పై దాడికి దిగినప్పుడు చెప్పిన ప్రధాన కారణం సామూహిక విధ్వంసక ఆయుధాలు. మరుసటి సంవత్సరం అమెరికా స్వయంగా నియమించిన పరిశీలక బృందమే అటువంటి ఆయుధ నిల్వలు అక్కడ లేవని తేల్చింది. కారణం కూలిపోయింది, యుద్ధం మాత్రం ఆగలేదు. 2005 ఆగస్టు నాటికి 1,800 మందికి పైగా అమెరికా సైనికులు అక్కడ మరణించారు. ఆ నెలలో అధ్యక్షుడు బుష్ మాజీ సైనికుల సభలో మాట్లాడుతూ మరణించినవారికి మనం ఋణపడి ఉన్నామనీ, వారు ప్రాణాలిచ్చిన కార్యాన్ని పూర్తిచేసి ఆ ఋణం తీర్చుకుంటామనీ అన్న భావం వెలిబుచ్చారు. ఆయుధాల మాట పోయి అమరుల మాట వచ్చింది.

అదే ఆగస్టులో టెక్సాస్‌లోని ఆయన విడిదికి వెళ్లే దారిలో సిండీ షీహన్ అనే తల్లి గుడారం వేసుకొని కూర్చున్నది. ఆమె కుమారుడు కేసీ 2004 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని సదర్ సిటీలో మరణించాడు. తన బిడ్డ ఏ ఉదాత్త కార్యం కోసం చనిపోయాడో చెప్పమని ఆమె అడిగింది. అతని చావును చూపి మరొక తల్లి బిడ్డను చావుకు పంపవద్దన్నది. బిడ్డలను పోగొట్టుకొని కూడా యుద్ధాన్ని సమర్థించిన తల్లిదండ్రులూ ఆ దేశంలో ఉన్నారు. వారిని నిందించే అధికారం నాకు లేదు. కడుపుకోత ఇరువురిదీ ఒకటే. అయితే దుఃఖం సత్యమైనంత మాత్రాన దాని నుండి తీసిన తీర్మానం సత్యం కానేరదు.

ఆలోచించండి. చిందిన రక్తమే యుద్ధానికి న్యాయం చేకూర్చగలిగితే, ఎదుటిపక్షం రక్తమూ అంతే న్యాయాన్ని చేకూర్చాలి. అప్పుడు ఉభయులదీ న్యాయమే అవుతుంది, ఇక తీర్పు ఎక్కడ? పైగా ఎంత ఎక్కువమంది మరణిస్తే యుద్ధం అంత ధర్మబద్ధమవుతుందన్నమాట! ఇరాకీ తల్లి కన్నీటికి ఈ లెక్కలో అసలు పద్దే లేదు.

నేను దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయంలో బిల్లులు చూసిన గుమాస్తాను. పోలిక చిన్నదైనా మన్నించండి. మంజూరు లేని పనిమీద సగం సొమ్ము ఇప్పటికే ఖర్చయిపోయింది కనుక మిగతా సగం కూడా ఇప్పించండని అప్పుడప్పుడు ఫైళ్లు వచ్చేవి. ఖర్చయిన సొమ్ముకు సంజాయిషీ అడిగేవాళ్లమే గాని, దానిని కొత్త ఖర్చుకు అనుమతిపత్రంగా ఎంచేవాళ్లం కాము. రూపాయి విషయంలో పాటించే ఈ జాగ్రత్త ప్రాణం విషయంలో అక్కరలేదా?

వియత్నాంలోనూ ఇదే జరిగింది. నిక్సన్ 1969లో గౌరవప్రదమైన శాంతి పేరిట అధికారానికి వచ్చిన తరువాత మరో 20 వేల మందికి పైగా అమెరికా సైనికులు మరణించారు. వియత్నామీయుల మరణాలు అందుకు ఎన్నో రెట్లు. తొలి మృతులకు గౌరవం దక్కించబోయి కొత్త మృతులను పోగుచేశారు.

ఇంతవరకు చెప్పినది మీకు రుచించే ఉంటుంది, ఇది అమెరికా సంగతి గనుక. ఇక మన ఇంటి సంగతి. 1980 సెప్టెంబరులో సద్దాం హుసేన్ ఇరాన్‌పై దండెత్తాడు. ఇరాన్ ఆత్మరక్షణ చేసుకోవడం ముమ్మాటికీ న్యాయం. 1982 మేలో ఖుర్రంషహర్ తిరిగి వారి వశమైంది, ఇరాక్ కాల్పుల విరమణకు సిద్ధపడింది. అక్కడ ఆగవలసింది. షహీదుల రక్తం పేరు చెప్పి ఇరాన్ సేనలు బస్రా వైపు సాగాయి. మరో ఆరేళ్లు ఇరువైపులా ముస్లిం యువకులే లక్షల సంఖ్యలో నేలకొరిగారు. 1988లో ఆయతుల్లా ఖుమైనీ కాల్పుల విరమణకు అంగీకరిస్తూ దానిని విషం తాగడంతో పోల్చారు. ఆ ఆరేళ్లలో సరిహద్దు ఎక్కడికీ జరగలేదు. షహీద్ అన్న పవిత్ర నామాన్ని కూడా పాలకులు పనిముట్టు చేసుకోగలరు, జాగ్రత్త.

సోదరుడు అన్యాయానికి గురైనా, తానే అన్యాయం చేస్తున్నా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) బోధించారు. అన్యాయం చేసేవానికి సహాయమెట్లా అని సహచరులు అడిగితే, అతని చేతిని ఆపడమేనన్నారు. దివ్యఖుర్ఆన్ కూడా మన స్వజనానికి, మనకు వ్యతిరేకమైనా సరే న్యాయం వైపే నిలవమంటున్నది. ఈ ఆదేశంలో మృతుల పేరిట మినహాయింపు నాకెక్కడా కనబడలేదు.

మరి మరణించిన సైనికునికి మనం ఋణపడి లేమా? ఉన్నాము. యుద్ధాన్ని అతడు నిర్ణయించలేదు, ఆజ్ఞను నమ్మి వెళ్లాడు. అతని భార్యాబిడ్డల పోషణ, గాయపడి తిరిగివచ్చిన తోటివారికి చికిత్స, ఎందుకు పంపామన్న నిజం చెప్పడం, ఇవి ఆ ఋణంలో భాగాలు. అతని పక్కన మరొక శవాన్ని పడుకోబెట్టడం భాగం కాదు.

చివరగా ఆ యువకునికి మన దేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. 1987లో మన సైన్యం శాంతిపరిరక్షక దళంగా శ్రీలంకకు వెళ్లింది. ఆ నిర్ణయం మంచిచెడులు వేరే చర్చ. దాదాపు 1,200 మంది జవాన్లు అక్కడ మరణించారు. అయినా 1990 మార్చి నాటికి వి.పి. సింగ్ ప్రభుత్వం మిగిలినవారందరినీ వెనక్కి రప్పించింది. 1987 నవంబరులో అక్కడ పోరాడి నేలకొరిగిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీరచక్ర ఇచ్చారు. సైన్యం తిరిగివచ్చిందని ఆ పతకాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.