వేరులోని కాపలా
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



మాది కోలారు జిల్లా. మా నాన్నగారు టమాటా వేసేవారు. ఒక ఏడు ఎంత నీరు పెట్టినా మధ్యాహ్నానికి మొక్కలు వాడిపోయేవి. ఎరువు చాలలేదేమోనని అప్పు చేసి మరీ వేశారు. చివరకు ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు! అది నులిపురుగుల, అంటే నెమటోడ్ల పని.

అర మిల్లీమీటరైనా లేని పిల్లపురుగు వేరు కొన దగ్గర దూరి, నీటినాళాల పక్కకు చేరి, అక్కడి కణాల్లోకి తన స్రావాన్ని ఎక్కిస్తుంది. కణం రెండుగా విడిపోకుండానే అందులోని కేంద్రకం పదేపదే విభజన చెందుతుంది. అలా ఉబ్బిన రాక్షస కణాలే పురుగుకు జీవితాంతం మేత.

నిరోధక రకాలు కూడా పురుగును గడప దగ్గరే ఆపలేవు. కానీ 'ఎంఐ-1' జన్యువు ఉన్న టమాటాలో పురుగు తల దగ్గరి కణాలు సుమారు 12 గంటల్లోనే తమంతట తామే చనిపోతాయి. మేత లేక పురుగు ఎదగదు. కొన్ని కణాలు పోయి మొక్క నిలుస్తుంది. 1940లలో ఒక అడవి టమాటా జాతి నుంచి తెచ్చిన ఈ జన్యువును 1998లో విడదీసి గుర్తించారు.

అయితే నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ కాపలా సడలుతుంది. దాన్ని తట్టుకునే పురుగులూ ఉన్నాయి. అందుకే పంట మార్పిడి తప్పదు. వేడిలోనూ నిలిచే జన్యువుల కోసం పరిశోధనా తప్పదు.

తల్లిదండ్రులారా, వ్యవసాయ శాస్త్రం చదువుతానన్న పిల్లలను వారించకండి. విద్యార్థులారా, సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు వాడిన మొక్క కనబడితే, ఎరువు కొనేముందు వేరు చూడండి.