బండి ముందు షాకబ్జర్లు: ఇంటి దగ్గర సర్వీసు, ఆయిల్ ఎంపిక
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఉపాధ్యాయులుగా మేము స్కాలర్‌షిప్పుల గురించి, నోటు పుస్తకాల గురించి, పదో తరగతి ఫలితాల గురించి మాట్లాడుతుంటాం. ఈసారి మోటార్ సైకిల్ ముందు షాకబ్జర్ల గురించి, వాటిలో పోసే ఆయిల్ గురించి మాట్లాడదలిచాం. సేవాసంస్థ సభలో ఇదేం ముచ్చట అని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాం.

సారంగాపూర్ మండలంలో బండి షోకు వస్తువు కాదు. జగిత్యాల మార్కెట్‌కు కూరగాయలు చేరాలన్నా, బీర్‌పూర్ వైపు పల్లెల్లో బట్టలు అమ్ముకుని రావాలన్నా, రాత్రిపూట జ్వరమొచ్చిన బిడ్డను దవాఖానకు తీసుకుపోవాలన్నా అదే దిక్కు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వారిలో 74,897 మంది, అంటే నూటికి దాదాపు 45 మంది, ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్లే. ఇవన్నీ బండి లోపంతో జరిగినవని మేము అనడం లేదు. వేగం, హెల్మెట్ లేకపోవడం, రోడ్డు గుంతలు అన్నీ ఉన్నాయి. కానీ బండిని బాగుంచుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న పని. సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇంటి దరఖాస్తు చివరికి మన సంస్థ బల్ల మీదికే వస్తుంది.

ముందు చక్రానికి రెండు పక్కల ఉండే గొట్టాలనే ఫోర్కులు అంటాం. లోపల ఒక స్ప్రింగు, కొలత ప్రకారం పోసిన ఆయిల్ ఉంటాయి. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచేది ఆయిల్. గుంతలో చక్రం పడినప్పుడు ఆయిల్ సన్నని రంధ్రాల గుండా దూరుతూ కదలికను నెమ్మది చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆయిల్‌లో లోహపు పొడి, తేమ కలిసి నల్లబడి పలచనవుతుంది. అప్పుడు బ్రేకు పట్టగానే బండి ముందుకు కుంగుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు పట్టదు.

పరీక్ష సులువు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే ఆయిల్ పని అయిపోయినట్టే. మెరిసే గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి మళ్లీ నొక్కండి. నూనె వలయం కనిపిస్తే ఆయిల్ సీల్ పోయింది. డిస్క్ బ్రేకు బండికి ఇది మరీ ప్రమాదం. కారిన నూనె బ్రేకు ప్యాడ్ల మీద పడితే బ్రేకు జారిపోతుంది.

ఇక ఆయిల్ ఎంపిక. సీసా మీద 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని ఉంటుంది. అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది. అయితే ఒక కంపెనీ 10డబ్ల్యూ, ఇంకో కంపెనీ 10డబ్ల్యూ ఒకే చిక్కదనంతో ఉండాలని లేదు. 40 డిగ్రీల వద్ద ఎన్ని సెంటీస్టోక్స్ అని రాసి ఉంటే ఆ అంకెను పోల్చడమే సరైన పద్ధతి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ ఆయిల్, ఒక్కో ఫోర్కుకు ఎన్ని మిల్లీలీటర్లు అని ఉంటుంది. అదే పోయాలి. మన దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి కదా, బస్తాలు కూడా వేస్తాం కదా అని కొందరు బాగా చిక్కటిది పోయిస్తారు. బరువు మోసేది స్ప్రింగు, ఆయిల్ కాదు. మరీ చిక్కటిదైతే గుంతలో ఫోర్కు వేగంగా కదలలేక దెబ్బంతా చేతులకు తగులుతుంది. ఎక్కువ పోసినా లోపల గాలికి చోటు తగ్గి ఫోర్కు గట్టిపడుతుంది, సీల్ మీద ఒత్తిడి పెరుగుతుంది. రెండు వైపులా ఒకే ఆయిల్, ఒకే కొలత ఉండాలి.

ఇంట్లో చేసేటప్పుడు బండిని డబుల్ స్టాండ్ వేసి, ఇంజను కింద గట్టి దిమ్మె పెట్టి ముందు చక్రం లేపాలి. ఫోర్కు బిగించి ఉండగానే పైమూతను కొద్దిగా వదులు చేసుకోవాలి. చక్రం తీశాక బ్రేకు లివర్ నొక్కకూడదు. క్యాలిపర్‌ను పైపు మీద వేలాడనీయక తీగతో కట్టాలి. పైమూత కింద స్ప్రింగు ఒత్తిడి ఉంటుంది, ముఖం పక్కకు పెట్టి అదిమి పట్టి తిప్పాలి. స్ప్రింగు ఏ కొస పైకి ఉందో గుర్తు పెట్టుకోవాలి. పాత ఆయిల్ వంచి, ఫోర్కును పదిసార్లు ఆడించి పూర్తిగా కార్చాలి. కొత్తది కొలిచి పోసి, మెల్లగా ఆడించి గాలి పోగొట్టాలి. నట్లన్నీ పుస్తకం చెప్పినంతే బిగించి, బండి కదిలించక ముందే బ్రేకు పరీక్షించాలి. పాత నూనెను మోరీలో పారబోయకండి, సీసాలో పట్టి మెకానిక్‌కు ఇవ్వండి.

సీల్ మార్చడం, వంగిన గొట్టం, ఖరీదైన బండ్ల తలకిందుల ఫోర్కులు మాత్రం ఉస్తాద్ పనే. గొట్టం తుప్పుపట్టి గరుకైతే కొత్త సీల్ కూడా నిలవదు.

దాతలకు మా విన్నపం ఒక్కటే. సంస్థ గదిలో ఒక పనిముట్ల పెట్టె ఏర్పాటు చేద్దాం. పానాలు, ఎలెన్ కీలు, టార్క్ రెంచి, కొలత గ్లాసు, ముందు చక్రం లేపే స్టాండు, అంతే. సెలవుల్లో మన ఊరి మెకానిక్‌కే గౌరవ వేతనం ఇచ్చి పెద్ద తరగతుల పిల్లలకు నేర్పిద్దాం. మిల్లీలీటరు అంటే ఏమిటో బోర్డు మీద పదిసార్లు చెప్పినా ఎక్కనిది, చేత్తో ఒక్కసారి కొలిస్తే ఎక్కుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి ఎందరో గల్ఫ్ బాట పడుతున్నారు. ఖాళీ చేతులతో పోయేవాడి కంటే పని తెలిసినవాడి మాటకు విలువ ఉంటుంది. పోకుండా ఇక్కడే ఉన్నవాడికీ అదే బతుకుతెరువు.

పడిపోయిన ఇంటిని ఆదుకోవడం సదఖా. పడిపోకుండా ముందే పట్టుకోవడమూ సదఖానే.